క్రేన్ కనిపించే కొండ

“ఏమండీ, మీకు వేరే పనేం లేదా?”

ఆ అమ్మాయి ఆగి, వెనక్కి తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని అడిగింది. అంత చిన్న ప్రశ్నకి కూడా ఊపిరి చాలక మధ్యలో రెండుసార్లు ఆగింది.

వెనక ఉన్న కుర్రాడు తనూ ఆగాడు. ఆమె ఆగితే ఆగడం, కదిలితే కదలడం. కొండ మొదలైన దగ్గర్నుంచీ ఇదే వరస. ఆమె బూటు తాడు కట్టుకోడానికి వంగితే అతను ఆకాశం చూశాడు. ఆమె నీళ్లు తాగుతుంటే చెట్లు చూశాడు. ముందుకు మాత్రం పోలేదు.

“ఇదేనండీ నా పని,” అన్నాడు.

“ఆడపిల్లల వెనకాల తిరగడమా?”

“ఆడా మగా అని లేదండీ. అందరికంటే నెమ్మదిగా ఎవరు నడిస్తే వాళ్ల వెనక. పోయినేడు ఒక పెద్దాయన వెనక నడిచా. ఆయన దారి పొడుగునా మోకాలి నొప్పుల గురించి చెప్పాడు.”

“అయితే నాకు పెద్దాయన ఉద్యోగం ఇచ్చారన్నమాట. మీరు ముందుకెళ్లండి బాబూ, నేను మెల్లగా వస్తా.”

“వెళ్లకూడదండీ. నా వెనకాల ఎవరూ ఉండకూడదు. రూలు.”

“ఎవరు పెట్టారు ఆ రూలు?”

“మా అక్క.”

పైనెక్కడో చెట్ల మధ్య నుంచి ఒక పొడుగాటి ఈల వినిపించింది. అతను మెడలో వేలాడుతున్న ఈల నోట్లో పెట్టుకుని రెండుసార్లు ఊదాడు.

“అదేంటి?”

“ఉన్నారా అని అక్క అడిగింది. ఉన్నామని చెప్పా.”

“నన్నడక్కుండానే?”

“ఏం, మీరు లేరా?”

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే ఊపిరి ఖర్చవుతుందని మింగేసి ముందుకు తిరిగింది.

సీజన్ మొదట్లో మొదటి నడక అంటే అందరికీ గర్వభంగమే. చలికాలమంతా కుర్చీల్లో కూరుకుపోయిన జనం, ఆదివారం పొద్దున్నే కొత్త బూట్లు తొడుక్కుని కొండ మీద పడతారు. కొండకి బూట్ల ఖరీదు తెలీదు. దారంతా కరిగిన మంచు నీళ్లతో చితచితలాడుతుంటుంది. వాగులు నిండుగా అరుస్తుంటాయి. అరగంట గడిచేసరికి సెల్ఫీలు ఆగిపోతాయి, గంట గడిచేసరికి కబుర్లు ఆగిపోతాయి. ఆ తర్వాత ఎవడి సత్తా ఎంతో వాడి మెడ వెనక చెమటే చెబుతుంది.

ఆ గుంపుకి ఒకటే పద్ధతి. అందరికంటే ముందు అక్క, అందరికంటే వెనక తమ్ముడు. మిగతావాళ్లంతా ఆ ఇద్దరి మధ్య. అక్క ఆస్పత్రిలో హెడ్ నర్సు. ఆపరేషనైన మర్నాడే మంచం దిగి నడవమంటే రోగి నోరెత్తకుండా నడుస్తాడు, అలాంటి గొంతు. తమ్ముడు లిఫ్టులు బిగించే మెకానిక్కు. ఎప్పుడూ చివర నడుస్తాడు కాబట్టి అందరూ ‘తోక’ అంటారు. అసలు పేరు పిలిచేది వాళ్లమ్మ ఒక్కతే, అదీ కోపం వచ్చినప్పుడు.

ఇక ఈ అమ్మాయి ఎవరో గుంపులో ఎవరికీ తెలీదు. కొత్తగా చేరింది. సాయంత్రం దాకా ఒకే చోట కూర్చుని చేసే ఉద్యోగమని ఆమె పిక్కలు చూస్తేనే తెలుస్తోంది. కానీ తోక ఇంకోటి గమనించాడు. ముందు పోయేవాళ్లు పరిగెత్తి ఆగుతున్నారు, మళ్లీ పరిగెత్తి మళ్లీ ఆగుతున్నారు. ఈమె నెమ్మదే గాని, అడుగు వేస్తే ఆ అడుగు అక్కడ నాటుకుంటోంది. తడి రాయి మీద ఒక్కసారి కూడా జారలేదు.

“ఆ బ్యాగిలా ఇవ్వండి, నేను పట్టుకుంటా,” అన్నాడు.

“అక్కర్లేదు. బరువులెత్తడమే నా ఉద్యోగం.”

“ఏం ఉద్యోగమండీ?”

“టవర్ క్రేన్ నడుపుతాను.”

తోక ఆగిపోయాడు. ఆమె ఆగకుండా తను ఆగడం ఆ రోజు అదే మొదలు.

“ఏరు పక్కన పెద్ద బిల్డింగు లేస్తోంది చూడండి, అక్కడ పసుప్పచ్చది. అది నాదే.”

“దాంట్లో కూర్చునేది మీరా! ఎప్పుడూ కింద నుంచి చూసి, ఎవడో గుండె ధైర్యం ఉన్నవాడే అనుకునేవాణ్ణి.”

“గుండె ఉంది. కాళ్లే లేవు,” అంది ఆయాసంగా. “పొద్దున నిచ్చెన ఎక్కితే సాయంత్రం దిగడం.”

“మరి ఇంకో రెండు నెలలు ఆగి రావాల్సిందండీ. మంచు పోయేది, దారి ఆరేది. ఇవాళే ఎందుకొచ్చారు?”

ఆమె ఒక మలుపు తిరిగాక, ముందుకే చూస్తూ చెప్పింది.

“క్యాబిన్లో కూర్చుంటే నా ఎదురుగా కనిపించేది ఈ కొండే. చలికాలమంతా దీన్నే చూశా. ఏ రోజు మంచు పడిందో, ఎటువైపు ముందు కరిగిందో అన్నీ నాకు తెలుసు. పొద్దున కింద వాళ్లు కొక్కేనికి బరువు కట్టేలోపు ఖాళీ దొరికితే దీనితోనే మాట్లాడేదాన్ని. పైన ఇంకెవరున్నారు మరి! ఆ రెండు శిఖరాల మధ్య కనుమ ఉంది కదా, అక్కడ నిలబడితే నా క్రేన్ కనపడి తీరాలి. ఒక్కసారి అటునుంచి ఇటు కాకుండా, ఇటునుంచి అటు చూడాలి.” ఒక నీళ్ల గుంట దాటింది. “రేపు విప్పేస్తున్నారు. బిల్డింగు ఎత్తడం అయిపోయింది. అది ఇవాళొక్కరోజే ఉంటుంది. నవ్వుకోండి.”

తోక నవ్వలేదు. నవ్వే విషయం కాదని అతనికి తెలుసు. తను బిగించిన ఏ లిఫ్టు పక్కనుంచి పోయినా లోపలికెళ్లి ఒకసారి బటన్ నొక్కి రావడం అతనికీ అలవాటే. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

“ఆ బిల్డింగుకి లిఫ్టులు పెట్టేది మేమే,” అన్నాడు.

“నిజంగానా? అంటే నేను దిగాక మీరెక్కుతారన్నమాట!”

“అక్కడా నేను చివరేనండీ.”

ఈసారి ఆమె నవ్వింది. ఊపిరి ఎంత ఖర్చయితే అంత కానీ అన్నట్టు నవ్వింది. ఆ నవ్వుకి పక్క కొమ్మ మీది నీళ్లు రాలాయో, అవి రాలే వేళకే ఆమె నవ్విందో గాని, తోక నెత్తి మాత్రం తడిసింది.

చెట్లు అయిపోయే చోట అందరూ ఆగారు. అక్క నిలబడే ఉంది. బావ బండరాయి మీద కూలబడ్డాడు. బావకి మంగలి షాపు. గడ్డాలు గీస్తూ మాట్లాడీ మాట్లాడీ, చేతిలో కత్తి లేకపోయినా నోరు ఊరుకోదు. అందరి భోజనాలూ ఆయన బ్యాగులోనే.

“ఏరా బావమరిదీ, తోక ఊపుకుంటూ వస్తున్నావు! ఎప్పుడూ ముఖం వేలాడేసుకుని వచ్చేవాడివి, ఇవాళ దారి బాగున్నట్టుందే?”

“బావా, నువ్వు ముందు ఊపిరి పీల్చుకో.”

అక్క ఆ అమ్మాయిని పైనుంచి కిందికి, రోగిని చూసినట్టు చూసింది.

“ఇదిగో అమ్మాయ్, పైన మంచు దాటాలి. ఎండెక్కితే అది మెత్తబడుతుంది. మధ్యాహ్నంలోపు కనుమ మీద లేకపోతే ఎక్కడున్నవాళ్లం అక్కణ్ణుంచే వెనక్కి. నీ ఒక్కదాని కోసం ఇంతమందిని ఆపలేను. మా తమ్ముడు తోడుంటాడు, ఇక్కడే కూర్చో. దిగేటప్పుడు కలుపుకుంటాం.”

“నేను పైకి రావాలి మేడమ్.”

“పంతమా?”

“పనండీ.”

అక్క తమ్ముడి ముఖం చూసింది. నిజం చెప్పాల్సిన బాధ్యత తోకది. అలిసిపోయినవాణ్ణి అలిసిపోయాడనే చెప్పాలి, దయ చూపించకూడదు.

“నెమ్మదేగాని తూలడం లేదక్కా,” అన్నాడు. “ఈ గుంపులో ఇప్పటిదాకా జారనిది మీ ఇద్దరే.”

అక్క ఈల ఊది కదిలింది.

మంచు నాలుక కొండ పక్కనుంచి దారికి అడ్డంగా సాగి ఉంది. దాని కిందనుంచి వాగు హోరున దూకుతోంది. ఆ హోరులో పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. ఒకరు దాటాకే ఇంకొకరు అడుగు పెట్టాలి. అక్క బూటు మడమతో మంచులో మెట్లు కొట్టుకుంటూ ముందు దాటింది. ఆ మెట్లలోనే అడుగులేసి తక్కినవాళ్లూ ఒక్కొక్కరే దాటారు.

తోక, ఆ అమ్మాయి అక్కడికి చేరేసరికి బావ సరిగ్గా మధ్యలో ఉన్నాడు. ఉన్నాడంటే, ఉండిపోయాడు. కిందికి చూశాడు. చూడకూడనిది చూశాడు. మంచు కిందికి జారి జారి రాళ్లలో కలిసే చోటు చూశాడు. అంతే, రెండు కర్రలూ పొడిచి పట్టుకుని బిగుసుకుపోయాడు. ఊరందరి తలలూ వంచినవాడు తన తల ఎత్తలేకపోయాడు.

అవతలి గట్టు మీద అక్క నోరు కదులుతోంది. మాట రావడం లేదు. వాగే అంతా మింగేస్తోంది. ఆమె వెనక్కి వస్తే ఒకే మంచు మీద ఇద్దరి బరువు. తోక వెళ్లినా అంతే. ఎండ ఎక్కుతోంది. అందరి భోజనాలూ మంచు మధ్యలో నిలబడి వణుకుతున్నాయి.

“ఈల వేసి ఆయన ఇటు చూసేట్టు చెయ్యండి,” అంది క్రేన్ అమ్మాయి. అప్పటికే బ్యాగు కింద పెట్టేసింది. గట్టు చివర, మంచు మీదికి పొడుచుకొచ్చిన పెద్ద బండ మీదికి ఎక్కుతోంది.

తోక గట్టిగా ఊదాడు. బావ తల ఎత్తాడు. పక్కవాటుగా, బండ మీద ఆకాశం ముందు నిలబడి ఉంది ఆమె.

ముందు రెండు చేతులూ పొట్ట దగ్గర ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంది. బావ అది చూసి ఏమనుకున్నాడో, ఒక కర్ర మీంచి చెయ్యి తీసి ఆమెకి దండం పెట్టబోయాడు.

“దండం కాదు బాబోయ్! ఏదీ కదపొద్దని!” అంది ఆమె. ఆ మాట తోక ఒక్కడికే వినపడింది. నవ్వే సమయం కాదు గాని నవ్వాడు.

ఆ తర్వాత అతనికి నవ్వు రాలేదు. ఊపిరే రాలేదు.

ఆమె ఒక అరచేతి మీద ఇంకో అరచెయ్యి పెట్టి చూపించింది. నెమ్మదిగా. వేలితో ఒక్క మెట్టు చూపించింది. అది చాలు, అంతకు మించి చూడకు. బావ కుడికాలు కదిలింది. చెయ్యి చాచి నిలిపింది. ఆగు. నిలదొక్కుకో. మళ్లీ వేలు. మళ్లీ మెట్టు. టన్నుల కొద్దీ ఇనుముని మనుషుల నెత్తి మీదుగా తీసుకెళ్లి గుడ్డు పెట్టినట్టు కింద పెట్టే చేతులవి. వాటిలో తొందర లేదు, భయం లేదు, అరుపు లేదు. గాలికి ఆమె జుట్టంతా ముఖం మీద పడుతున్నా ఒక్కసారి కూడా తోసుకోలేదు, ఎందుకంటే ఆ చెయ్యి కదిలితే అవతలివాడు దాన్నీ ఒక మాట అనుకుంటాడు. లోకంలో ధైర్యం గురించి మాట్లాడేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. తన ధైర్యాన్ని తీసి ఇంకొకడి కాళ్లలో పెట్టగలిగిన మనిషిని తోక అప్పుడే చూశాడు.

బావ అవతలి గట్టు తాకాడు. తాకగానే పెళ్లాం భుజం మీద తల పెట్టేశాడు. అక్క అందరి ముందూ ఆయన వీపు నిమిరింది. అది కూడా ఆ గుంపులో ఎవరూ ఎప్పుడూ చూడనిదే.

ఆ అమ్మాయి మామూలుగా నడిచి దాటింది. ఆ వెనక తోక దాటాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, మంచు మీద నడుస్తూ మంచు చూడలేదు.

అక్క ఎండ వంక చూసింది. టైం చూసుకుంది. ఆ అమ్మాయి కూడా అక్క ముఖమే చూస్తోంది. వెనక్కి అంటే వెనక్కే.

“అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లని ముందు పెడితే గుంపు విడిపోదు, టైం కలిసొస్తుంది,” అంది అక్క, ఎవరికో పాఠం చెబుతున్నట్టు. తర్వాత ఆ అమ్మాయి భుజం పట్టుకుని వరసలో ముందుకు జరిపింది. “నువ్వు ముందు నడువు. నీ వెనకే నేను. నువ్వెంత నెమ్మదిగా నడిస్తే అందరం అంతే. పద తల్లీ, కనుమ ఎక్కుదాం.”

“థ్యాంక్స్ మేడమ్.”

“మేడమేంటి, ఆస్పత్రిలోలాగ! అక్కా అను.”

అందరూ సంతోషించారు, ఒక్క తోక తప్ప. పొద్దున్నుంచీ ఆమె జడకి మూరెడు దూరంలో నడిచాడు. ఇప్పుడు గుంపంతా మధ్యలో. ఎంత మెడ చాచినా ముందు బావ బ్యాగే కనిపిస్తోంది. అక్క మంచిపనే చేసింది. అక్క చేసే మంచిపనులన్నీ ఇంతే, ఎవరి కడుపో ఒకరిది మండుతుంది.

“దాటుకుని వెళ్లరా,” అన్నాడు బావ, గొంతు తగ్గించి. నోరు మళ్లీ మామూలైంది. “ఎవడు చూస్తాడు?”

“నా వెనకాల ఎవరూ ఉండకూడదు బావా. ఎవరైనా కూలబడితే?”

“ఇక్కడ కూలబడేవాణ్ణి నేనొక్కణ్ణే. నేను కూలబడనని ఒట్టు. పోరా.”

“రూలు రూలే.”

“నీ రూలు తగలెయ్య. ఆ పిల్ల క్రేన్ చూసే టైముకి నువ్వు నా వీపు చూస్తూ ఉండు!”

అదే తోక భయం కూడా. పై నుంచి మొదటి కేకలు వినపడ్డాయి. ముందువాళ్లు ఎక్కేశారు. ఊరు కనిపిస్తోందని ఎవరో అరిచారు. ఏరు కనిపిస్తోందట. తర్వాత ఇంకో గొంతు, “మబ్బొస్తోంది, చూసేవాళ్లు త్వరగా చూడండి!” అంది.

తోక పరిగెత్తలేదు. బావ ఆగితే ఆగాడు, కదిలితే కదిలాడు. జీవితంలో ఏదీ ఇంత బరువుగా అనిపించలేదు.

కనుమ మీదికి అందరికంటే చివర వచ్చాడు. అందరూ అంచున నిలబడి ఊరివైపు చూస్తున్నారు, ఫోన్లు పట్టుకుని. ఆ అమ్మాయి ఒక్కతే ఊరికి వీపు పెట్టి, దారివైపు తిరిగి, రాయి మీద కూర్చుని ఉంది. మెడలో అక్క బైనాక్యులర్లు ఉన్నాయి. తనే తీసి ఇచ్చినట్టుంది. బూట్లు బురదలో మునిగి ఉన్నాయి, ముఖమంతా చెమట.

“చూశారా?” అన్నాడు తోక.

“లేదు.”

“మబ్బొస్తోందండీ!”

“తెలుసు. ఆకాశం చూడ్డం నాకు నేర్పిస్తారా? ఇంకా కాస్త టైముంది.”

“మరి చూడకుండా?”

“పొద్దున్నుంచీ నేను ఆగితే ఆగారు, కదిలితే కదిలారు. ఒక్కసారి నేనాగితే అరిగిపోతానా?” అంది. అని లేచి నిలబడింది. “రండి. ఇద్దరం కలిసి చూద్దాం.”

అక్క అటు తిరిగి భోజనం పొట్లాలు తీయడంలో చాలా శ్రద్ధగా మునిగిపోయింది. బావ ఏదో అనబోతే ఒక పొట్లం ఆయన నోటికి అడ్డం పెట్టింది.

దూరంగా, కింద, ఎండలో ఏరు ఒక తీగలా మెరుస్తోంది. దాని పక్కన, ఆమె ఒకసారి చూసి అతనికిచ్చిన బైనాక్యులర్లలో, పసుప్పచ్చగా, అగ్గిపుల్లలతో చేసినట్టు ఉంది క్రేన్. పొడవాటి చెయ్యి మెల్లగా తిరుగుతోంది.

“కదులుతోంది! ఎవరైనా ఉన్నారా లోపల?” అన్నాడు తోక.

“ఎవరూ ఉండరు. పని లేనప్పుడు బ్రేకు తీసేసి వస్తాం. గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది. కట్టేసి ఉంచితే గాలికి విరిగిపోతుంది.” ఆమె అటు వేలు చూపించింది. “ఇటే తిరిగింది చూడండి. నావైపే.”

తోక బైనాక్యులర్లు ఆమెకి తిరిగిచ్చాడు. ఆమె కళ్లకి పెట్టుకుని చాలాసేపు చూసింది. తోక క్రేన్‌ని మళ్లీ చూడలేదు. చూసేది పక్కనే ఉంటే అంత దూరం ఎవరు చూస్తారు!

మబ్బు వచ్చి ఏరునీ, బిల్డింగునీ, ఊరినీ కప్పేసింది. నాలుగు చినుకులు పడ్డాయి.

“అయిపోయింది,” అంది ఆమె.

“బండ మీద మా బావకి ముందు ఒకటి చూపించారు కదండీ, చేతులు రెండూ పట్టుకుని. అది మళ్లీ చూపిస్తారా?”

ఆమె చూపించింది. అతను తన చేతులు అలాగే పట్టుకున్నాడు.

“దీనర్థం ఏదీ కదపొద్దు, ఉన్నది ఉన్నట్టు ఉంచమని. అంతేనా?”

“అంతే.”

“అదే చెబుతున్నా,” అన్నాడు తోక. “నాకు మాటలు చాతకావు. ఇవాళ ఎలా ఉందో అలాగే ఉంచాలని ఉంది. మీరు ముందు, నేను వెనక.”

ఆమె చినుకులు తుడుచుకుంటున్నట్టు ముఖం తుడుచుకుంది. “‘మీరు’ అనడం మానేస్తే ఆలోచిస్తా,” అంది.

దిగేటప్పుడు అక్క మళ్లీ ముందుంది. దిగడంలో ఆ అమ్మాయి పిక్కలు పట్టేశాయి గాని, ఈసారి నెమ్మదిగా నడిచింది వాటివల్ల మాత్రమే కాదు. గుంపు కనిపించనంత వెనకబడ్డారు. అక్క ఈల వేసి వేసి అలసిపోయింది. బస్సు దగ్గర తలలు లెక్కపెట్టి, చివరగా వచ్చిన ఇద్దరినీ చూసి, అందరికీ వినపడేలా రూలు మార్చింది.

“వచ్చేసారి నుంచి ఈ గుంపుకి తోక ఒక్కడు కాదు, ఇద్దరు. ఎవరికైనా అభ్యంతరమా?”

“నాకుంది,” అన్నాడు బావ. “వాళ్ల ముందు నడిచేవాడికి ఆ కబుర్లన్నీ వినపడతాయి.”

మర్నాడు పొద్దున ఆ అమ్మాయి ఆఖరిసారి నిచ్చెన ఎక్కింది. విప్పేవాళ్లకి వీలుగా క్రేన్ చేతిని తిప్పి నిలిపింది. క్యాబిన్లోంచి కొండ వంక చూసింది. మంచు మీద ఎండ పడుతోంది. ఇప్పుడు ఆ కనుమలో ఏ రాయి ఎక్కడుందో ఆమెకి తెలుసు.

అప్పుడు కింద చూసింది. విప్పే మనుషులు ఇంకా గేటు దగ్గరే హెల్మెట్లు పెట్టుకుంటున్నారు. వాళ్లందరికంటే ముందు, క్రేన్ మొదట్లో, ఒక మనిషి తల ఎత్తి నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి కిందికి చాచి, వేలితో చిన్న చిన్న సున్నాలు చుడుతున్నాడు. దించు, మెల్లగా దించు. తప్పుగానే చుడుతున్నాడు. అయినా అర్థమైంది.

ఆమె మోటారు ఆపి, బ్రేకు చూసుకుని, నిచ్చెన దిగింది. ఒక్కో మెట్టూ నాటుకుంటూ దిగింది. నిన్నటి నొప్పులకి కాళ్లు ముల్లోకాలూ చూపిస్తున్నాయి. అతను కదలకుండా నిలబడ్డాడు. రెండు చేతులూ పొట్ట దగ్గర పట్టుకుని ఉన్నాయి.

“తోక ఇవాళ ముందొచ్చిందే!” అంది ఆఖరి మెట్టు దిగుతూ.

“నీ వెనక ఎవరూ లేరుగా,” అన్నాడు. ‘నీ’ అన్నందుకు తనే ఉలిక్కిపడ్డాడు.

ఆమె హెల్మెట్ తీసి, జుట్టు విదిలించి, గేటు వైపు చూసింది.

“పద. ఎవరు ముందు?”

“ఇది కొండ దారి కాదుగా,” అన్నాడు అతను. “వెడల్పుగానే ఉంది.”